పదిహేడు అర్జీలు

"మా అర్జీలు చూడల్లంటే మీరూ ఒక అర్జీ పెట్టుకోవల్ల" అన్నాడు గోవిందరాజులు.

ఆ మాట అనడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ డిటెక్టివ్ కుళ్ళాయప్ప ఓపిగ్గా విన్నాడు. ఈసారి కుర్చీ లాక్కుని, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

"రెండు రోజులుగా ఒక మనిషి లాకప్పులో ఉన్నాడు. ఎల్లుండి మీ ప్రదర్శన మొదలైతే ఈ కాగితాలన్నీ మూటకట్టి అటకెక్కిస్తారు. నాకు ఒక్క గంట చాలు. మీ కళ్ళముందే చూస్తాను."

"పద్ధతి అని ఒకటి పెట్టుకున్నాము కదప్పా. పెట్టింది నేనే. నేనే తప్పితే ఎట్ల?"

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది, మార్చి నెల, బుధవారం. సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. హిందూపురం ఎద్దుల ప్రదర్శన కమిటీ ఆఫీసు అది. ఆఫీసంటే మైదానం పక్కన వేసిన రేకుల షెడ్డు. గోవిందరాజులు ఆ కమిటీ సెక్రటరీ. ముప్పై ఏళ్ళు సర్కారు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి నల్లసిరా, ఒకటి ఎర్రసిరా.

ఆ పద్ధతేమిటో కుళ్ళాయప్ప ఈ రెండు రోజుల్లో కంఠస్థం చేశాడు. పోయిన సంవత్సరం ఎవరి ఎద్దులు వాళ్ళు తోలుకొచ్చి, చోటు చాలక, తొక్కిసలాటలో ఇద్దరి కాళ్ళు విరిగాయి. అందుకని ఈ ఏడు ముందుగానే అర్జీ పెట్టాలన్నారు. అర్జీ ఫారంలో మూడు గళ్ళు. ధర్మవరం వైపు రైతులు ధర్మవరం కేంద్రంలో, మిగిలినవాళ్ళు నేరుగా పెనుకొండ కేంద్రంలో అర్జీ ఇవ్వాలి. ఊరి మునసబు సంతకం ఉందో లేదో చూసి కేంద్రం ఇన్‌ఛార్జి మొదటి గడిలో సంతకం పెడతాడు. పెనుకొండ కేంద్రం ఇన్‌ఛార్జి కూడా అయిన పశువుల కాంపౌండరు నరసింహులు ఎద్దులను పరీక్షచేసి, రోగం లేదని తేలితే రెండో గడిలో సంతకం పెట్టి ముద్ర వేస్తాడు. ఆ తర్వాతే హిందూపురంలో గోవిందరాజులు మూడో గడి నింపి, నెంబరు బిళ్ళ మంజూరు చేస్తాడు. బిళ్ళ మెడలో లేని ఎద్దును గేటు దాటనివ్వరు.

పద్ధతి మంచిదే. కానీ సోమవారం మధ్యాహ్నం నరసింహులు పెనుకొండ కేంద్రంలో తల పగిలి చనిపోయాడు. ఆ రోజు పొద్దున రొద్దం రైతు ఈరన్న అక్కడ కేకలు వేసి వెళ్ళాడు. మునసబు సంతకం లేదని నరసింహులు అతని అర్జీ వెనక్కిచ్చాడట. సాయంత్రానికల్లా సబ్ ఇన్‌స్పెక్టర్ రంగప్ప ఈరన్నను లోపల వేసి, కేసు తేలిపోయిందన్నాడు.

ఈరన్న తల్లి నారాయణమ్మ అనంతపురం వెళ్ళి కుళ్ళాయప్పను వెంటపెట్టుకొచ్చింది. పదిహేనేళ్ళు కోర్టులో రికార్డులు చూసి, ఆ పని మానేసి ప్రైవేటు డిటెక్టివ్ అయినవాడు కుళ్ళాయప్ప. అతనికి మనుషుల మాటకన్నా కాగితం మీద నమ్మకం ఎక్కువ. ఆ కాగితం చూడడానికే దారి దొరకడం లేదు.

"సరే. ఆ ఫారం ఇటివ్వండి" అన్నాడు.

గోవిందరాజులు సొరుగులోంచి ఒక ఫారం తీసి ఇచ్చాడు. "మీరు అనంతపురం మనిషి. అంటే ధర్మవరం వైపు లెక్క. ఆడ కొండప్ప సంతకం, పెనుకొండలో రెండో గడి, తరువాత నా దగ్గరికి రండి. చూపిస్తా."

"పెనుకొండలో రెండో గడి నింపే మనిషి చనిపోయాడు."

"దానికి నేనేం చేసేది? గడి అయితే ఉండాది కదా."

కుళ్ళాయప్ప ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకొక్క మాట మాట్లాడితే నోరు జారుతుందని తెలిసి లేచాడు. షెడ్డు బయట నీడలో నారాయణమ్మ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. కొడుకు అరెస్టయినప్పటినుంచి ఒక పూటే తింటోంది.

"చూపించినాడా నాయనా?"

"లేదమ్మా. రేపు ధర్మవరం, పెనుకొండ తిరిగి మళ్ళీ ఈడికే రావాల."

"పోయిరా. నేను ఈ ఎద్దుల పరస కాడే ఉంటా. నీ మాట వినేవరకూ ఇంటికి పోను."

* * *

గురువారం పొద్దున ఏడింటికి ధర్మవరం స్టేషన్ ఎదుట కొండప్ప పట్టుచీరల అంగడి ముందు కుళ్ళాయప్ప నిలబడ్డాడు. అంగడి తెరిచింది ఎనిమిదికి. ధర్మవరం కేంద్రం ఇన్‌ఛార్జి కొండప్పే. మగ్గం మీదినుంచి దిగిన చీరలు అమ్ముకునే మనిషికి ఎద్దుల అర్జీలతో ఏం సంబంధమంటే, అంగడి స్టేషన్‌కు దగ్గర, అంతే.

"ఏమప్పా, మీ ఎద్దులకు వయసెంత, పండ్లెన్ని?" అన్నాడు కొండప్ప, ఫారం చూడకుండానే.

"నాకు ఎద్దుల్లేవు. అర్జీలు చూడడానికి అర్జీ పెడుతున్నా."

కొండప్ప ఫారం తిప్పి తిప్పి చూశాడు. "నాకీ పని అంటగట్టినోన్ని అనల్ల. పది రోజులుగా చీర మడత పెట్టనీయలేదు ఈ కాగితాలు. ఒకసారి వద్దంటారు, ఒకసారి సరేనంటారు." విసుగ్గా మొదటి గడిలో సంతకం గీకాడు.

"వద్దని సరేనన్నది ఎవరు?"

"ఆ పదిహేడు అర్జీల సంగతే. కనగానపల్లికి ఆవల ఒక చిన్న ఊరుండాది. ఆ ఊరోళ్ళు పదిహేడు మంది శనివారం అర్జీలిచ్చినారు. పెనుకొండకు పంపినా. ఆదివారం నరసింహులు ఆ ఊరికి పొయ్యి ఎద్దులను చూసొచ్చినాడు. సోమవారం పొద్దున బండి గార్డు చేత నాకు ఈ చీటీ పంపినాడు."

అంగడి మేకుకు గుచ్చిన కాగితాల్లోంచి ఒకటి లాగి ఇచ్చాడు. గుండ్రటి చేతివ్రాత. కింద నరసింహులు సంతకం, తేదీ, టైము. సోమవారం ఉదయం ఏడున్నర.

'మీరు పంపిన పదిహేడు అర్జీలను నామంజూరు చేసినాను. ఆ ఊరి గొడ్లను ఊరు దాటనీయవద్దు. కారణం నేరుగా చెబుతాను. ఈ మాట బయట అనవద్దు.'

కుళ్ళాయప్ప రెండుసార్లు చదివాడు. "మరి సరేనన్నది?"

"మంగళవారం మధ్యాహ్నం హిందూపురం నుంచి పదిహేడు జతలకూ బిళ్ళలు వచ్చినాయి. మూడు గళ్ళూ నిండినాయి, పంపించమని రాసినారు. ఏదో సర్దుకున్నారులే అనుకున్న్యా. నిన్న సాయంత్రం ఎద్దులను గూడ్సు బండి ఎక్కించినారు."

"చనిపోయిన మనిషి ఎట్ల సర్దుకుంటాడు కొండప్పగారూ?"

కొండప్ప చేతిలోని చీర కిందపెట్టాడు. "సోమవారమే కదప్పా ఆయన పొయ్యింది. పొయ్యేముందు ముద్ర వేసినాడేమో అనుకున్న్యా."

కావచ్చు. ఏడున్నరకు వద్దన్నవాడు మధ్యాహ్నానికి మనసు మార్చుకోవచ్చు. కుళ్ళాయప్పకు అది నమ్మబుద్ధి కాలేదు. చీటీ అడిగితే కొండప్ప కాసేపు నసిగి, రసీదు రాయించుకుని ఇచ్చాడు. ఆ రసీదు రాయడంలో ఎనిమిదీ పదికి కదలాల్సిన బండి ఈల వేసింది. కుళ్ళాయప్ప పరుగెత్తి చివరి పెట్టె ఎక్కాడు.

* * *

పెనుకొండ కేంద్రం స్టేషన్‌కు పదినిమిషాల నడక. పెంకుటిల్లు, వెనక దొడ్డి, దొడ్డిలో గొడ్లు నీళ్ళు తాగే రాతి తొట్టి. తొమ్మిదిన్నరకు కుళ్ళాయప్ప అక్కడికి చేరేసరికి గుమ్మంలో రంగప్ప నిలబడి ఉన్నాడు.

రంగప్పకు ముప్పై అయిదేళ్ళు. ఒక ప్రైవేటు డిటెక్టివ్ తన కేసులో వేలు పెట్టడం అతనికి మొదటిరోజునుంచీ మంటగా ఉంది.

"ఏమప్పా కుళ్ళాయప్పా, ఇంకా ఊర్లోనే ఉండావా?"

"లోపల ఒకసారి చూడాలి."

"మేము చూసినాము. అయిపోయింది."

"పది నిమిషాలు. ఏదీ ముట్టుకోను."

రంగప్ప గడియారం చూసుకుని పక్కకు జరిగాడు. "పది అంటే పదే."

గదిలో బల్ల, కుర్చీ, మందుల బీరువా. బల్ల మీద స్టాంపు ప్యాడ్ మూత తెరిచి ఉంది. ఎర్రసిరా ఎండిపోయి అట్ట కట్టింది. పక్కన ముద్ర నిలబెట్టుకునే చెక్క స్టాండు ఖాళీ.

"ముద్ర ఏదీ?"

"ఈరన్న ఎత్తుకుపోయినాడు. అర్జీ మీద తనే వేసుకుందామని."

"అతని దగ్గర దొరికిందా?"

"యాడో పారేసినాడు. దొరుకుతాది."

"మునసబు సంతకం లేదని కదా అర్జీ వెనక్కి వచ్చింది. డాక్టరు ముద్ర ఎత్తుకుపోతే మునసబు సంతకం వస్తుందా?"

రంగప్ప మళ్ళీ గడియారం చూసుకున్నాడు. "కోపంలో ఉన్నోడు అంత ఆలోచిస్తాడా? కోర్టులో చెప్పుకో ఇదంతా."

కుళ్ళాయప్ప దొడ్డిలోకి వెళ్ళాడు. తొట్టి అంచు మీద మరక నల్లగా ఉంది. నరసింహులు వెల్లకిలా పడి ఉన్నాడని రిపోర్టు. ముందునుంచి ఎవరో తోస్తే వెనక్కి పడ్డాడు. చంపాలని వచ్చినవాడు కర్ర తెచ్చుకుంటాడు. ఇది మాటామాటా పెరిగి జరిగింది.

గోడవార బూడిద కుప్ప ఉంది.

"అవి అర్జీలు" అన్నాడు రంగప్ప వెనకనుంచి. "కాల్చేసినాడు."

కుళ్ళాయప్ప పుల్లతో బూడిద కదిపాడు. కాగితం బూడిద కాదు. అడుగున మాడిన గుడ్డ పేలిక, నాలుగు గుండీలు బయటపడ్డాయి. "అర్జీలకు గుండీలుంటాయా రంగప్పగారూ?"

 రంగప్ప ఒక గుండీని బూటుతో పక్కకు జరిపి చూశాడు.

కేంద్రం ఊడ్చే మనిషి బాలమ్మ దొడ్డి మూలలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. సోమవారం శవాన్ని మొదట చూసింది ఆమే.

"బాలమ్మా, ఈ బట్టలు ఎవరివి?"

"మా డాక్టరయ్యవే సామీ. ఆదివారం ఆ ఊరికి పొయ్యొచ్చి, కట్టుకున్న బట్టలన్నీ ఆయనే కాల్చేసినాడు. నన్ను దగ్గరికి రావద్దన్యాడు. సీసా మందు నీళ్ళలో పోసుకుని చేతులు కడిగినాడు, కడిగినాడు, తోలు ఊడొస్తాదేమో అన్నట్ల కడిగినాడు."

"ఎందుకని అడగలేదా?"

"అడిగినా. ఆ ఊర్లో రెండు గొడ్లు సచ్చినాయంట. కొయ్యొద్దు, తోలు తియ్యొద్దు, నిలువు లోతు గుంత తీసి సున్నం పోసి పూడ్చండని దగ్గరుండి పూడిపించినాడంట. అంతే చెప్పినాడు."

కుళ్ళాయప్ప చేతిలోని పుల్ల కింద పడేశాడు. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట చాలు.

"సోమవారం చెప్పు. ఈరన్న ఎప్పుడు పోయినాడు?"

"పదకొండున్నర కాకముందే. అరిసినాడు, నిజమే. డాక్టరయ్య, సంతకం పెట్టించుకుని సాయంత్రం లోపల రా, నేను ఉంటాలే అన్యాడు. సల్లబడినాడు. పదకొండూ నలభైకి రొద్దం బస్సు ఎక్కింది నేను చూసినా."

"ముందు స్టేజీలో దిగి రాలేదని ఎవరు చూసినారు?" అన్నాడు రంగప్ప.

కుళ్ళాయప్ప వినిపించుకోలేదు. "నువ్వు అన్నానికి పోయింది ఎప్పుడు?"

"పన్నెండుకు. ఒకటిన్నరకు తిరిగొస్తే..." ఆమె తొట్టి వైపు చూసి తల తిప్పుకుంది.

"నువ్వు పోయేముందు ఆయన ఏమన్నా చెప్పినాడా?"

"హిందూపురం నుంచి పెద్దాయన వస్తాడు, బండి వచ్చేసి ఉంటాది, కుర్చీ తుడిసిపెట్టిపో అన్యాడు. తుడిసి పొయినా."

రంగప్ప రెండడుగులు ముందుకు వేశాడు. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఈరన్న గురించే అడిగిరి సామీ. ఇంకేమీ అడగలేదు."

 తర్వాత కుళ్ళాయప్ప చీటీ తీసి రంగప్పకు చూపించాడు. ఆ ఎద్దులు ఈపాటికి హిందూపురంలో దిగి ఉంటాయని, గేటు మూయించాలని, ఆ పదిహేడు జతలను విడిగా కట్టించాలని చెప్పాడు. జీపు ఉంది కాబట్టి ఇప్పుడే బయలుదేరుదామన్నాడు.

"గేటు మూయించే అధికారం కమిటీ సెక్రటరీది. నాది కాదు."

"ఆ సెక్రటరీ మీదే నా అనుమానం."

"గుండీలు, బూడిద పట్టుకుని పెద్దమనిషి మీద చెయ్యి వెయ్యమంటావా? నీ పది నిమిషాలు ఎప్పుడో అయిపోయినాయి."

కుళ్ళాయప్ప జేబులోంచి ఫారం తీశాడు. "అయితే ఈ రెండో గడిలో సంతకం పెట్టండి. ఈ కేంద్రం ఇప్పుడు మీ స్వాధీనంలో ఉంది. నేను పోయి ఆ కాగితాలైనా చూస్తాను."

"పెట్టను."

పోస్టాఫీసుకు వెళ్ళి అనంతపురం పశువైద్యాధికారికి తంతి కొట్టడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాడు. ఆయన టూరులో ఉన్నాడో ఊళ్ళో ఉన్నాడో తెలియదు. హిందూపురానికి ట్రంకు కాల్ అడిగితే లైను దొరకడానికి మూడు గంటలు పడుతుందన్నారు. తర్వాత బండి ఒకటీ పదిహేనుకు. మూడు గంటలకు పైగా పెనుకొండ ప్లాట్‌ఫారం మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. నడుస్తుండగా గోడకు వేలాడుతున్న టైముల పట్టిక మీద చూపు నిలిచింది. హిందూపురంలో పదీ యాభైకి బయలుదేరే బండి పెనుకొండకు పదకొండూ యాభై అయిదుకు వస్తుంది. పెనుకొండలో ఒకటీ పదిహేనుకు ఎక్కితే హిందూపురంలో రెండూ ఇరవైకి దిగవచ్చు. అటూ ఇటూ మూడున్నర గంటలు.

* * *

రెండున్నరకు కమిటీ షెడ్డులోకి అడుగుపెట్టేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గేటు దగ్గర ఎద్దుల వరస కనుచూపు మేర ఉంది. కాపలావాళ్ళు ఒక్కొక్క బిళ్ళ చూసి, నెంబరు రాసుకుని, లోపలికి పంపుతున్నారు.

"పదిహేడు జతలు నిన్న ధర్మవరంలో ఎక్కినవి. లోపలికి పోయినాయా?"

గోవిందరాజులు రిజిస్టరులోంచి తలెత్తలేదు. "బిళ్ళ ఉంటే పోయి ఉంటాయి. మీ ఫారం ఏదీ?"

కుళ్ళాయప్ప ఫారం బల్లమీద పరిచాడు. గోవిందరాజులు కళ్ళద్దాలు సరిచేసుకుని చూశాడు.

"మొదటి గడి సరే. రెండోది ఖాళీ. పెనుకొండ ముద్ర ల్యా."

"ఆ ముద్ర మీ దగ్గరే ఉంది కదా. వెయ్యండి."

గోవిందరాజులు చెయ్యి ఫారం మీదే ఆగిపోయింది.  చూపు మాత్రం ఒక్క క్షణం కుడివైపు కింది సొరుగు మీదికి పోయి వచ్చింది.

"ఏమి మాట్లాడతాండావు నువ్వు? సోమవారమంతా నేను ఈడే ఉండా."

"అయితే ఆ రిజిస్టరు ఇటు తిప్పండి. ఎక్కించిన ప్రతి పద్దుకూ సెక్రటరీ పొడి సంతకం, టైము వెయ్యాలన్నది మీరు పెట్టిన పద్ధతే. సోమవారం పేజీ చూపించండి."

"నీ అర్జీ మంజూరు కాలేదు."

"నేను మంజూరు చేస్తాండా" అన్న మాట గుమ్మంలోంచి వినిపించింది. రంగప్ప. జీపు దుమ్ము మొహమంతా ఉంది. బాలమ్మ చెప్పిన మాట అతన్ని పెనుకొండలో నిలవనీయలేదు. లోపలికి వచ్చి, కుళ్ళాయప్ప వైపు చూడకుండా, రిజిస్టరు లాక్కుని సోమవారం పేజీ తెరిచాడు.

కమిటీ గుమాస్తా చేతివ్రాతలో ఆ రోజు ముప్పై రెండు పద్దులున్నాయి. గోవిందరాజులు పొడి సంతకాలు పదీ ముప్పై అయిదు వరకూ వరసగా ఉన్నాయి. తర్వాత తొమ్మిది పద్దులకు సంతకం లేదు. మళ్ళీ రెండూ నలభైకి మొదలయ్యాయి. రెండూ యాభైనుంచి వరసగా పదిహేడు పద్దులు, అన్నీ ఒకే ఊరు. ఎదురుగా 'మంజూరు' అని ఎర్రసిరాలో రాసి ఉంది.

కుళ్ళాయప్ప అర్జీల కట్ట విప్పాడు. ఇప్పుడు ఎవరూ ఆపలేదు. మొదటి అర్జీ, రెండోది, పదోది. రెండో గడిలో నరసింహులు సంతకం, దాని మీద ఎర్రటి ముద్ర. ఆ పదిహేడు అర్జీలు మాత్రం విడిగా తీసి రంగప్ప ముందు పెట్టాడు.

"చూడండి. ముద్ర అదే. రంగు వేరు. పెనుకొండ ప్యాడు ఎర్రసిరాది, అక్కడే మూత తెరిచి ఎండిపోతూ ఉంది. ఇవి ఊదా రంగు. ఈ ఆఫీసులో వాడేది ఊదా సిరా ప్యాడు. ముద్ర ఎత్తుకొచ్చినవారు ప్యాడు మరిచిపోయినారు."

రంగప్ప వంగి కుడివైపు కింది సొరుగు లాగాడు. తాళం వేసి ఉంది. చెయ్యి చాపాడు. గోవిందరాజులు కొంతసేపు ఆ చేతినే చూసి, మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. సొరుగులో ఉత్తరాల కింద రుమాల్లో చుట్టిన రబ్బరు ముద్ర ఉంది.

"ఆరువందల జతలు వస్తాయని పైవాళ్ళకు రాసిచ్చినా" అన్నాడు గోవిందరాజులు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నామంజూరు అనే మాట నా రిజిస్టరులో ఒక్కటి ల్యాకుండా చేయల్లనుకున్నా. సోమవారం పొద్దున ఆయన చీటీ వచ్చింది. పోయి మాట్లాడినా. ఈ పదిహేడు కాదు, పరస మొత్తం ఆపల్ల, పైకి తంతి కొడతా అన్యాడు. నెల రోజులు కష్టపడి నిలబెట్టింది కదా ఇదంతా. వద్దప్పా అని పట్టుకున్నా. ఇడిపించుకున్నాడు. తోసినా. తొట్టి అంచు తగిలింది. ఊపిరి ఉండాదేమో అని చూసినా. ల్యా."

"తర్వాత అర్జీలూ ముద్రా తీసుకుని బండెక్కినారు."

"అర్జీలు బల్లమీదే ఉండినాయి. నామంజూరు అని ఇంకా రాయలేదు. గడి ఖాళీగా ఉండాది. ఈడికొచ్చి కూర్చుని, ఆయన సంతకం గీసి నేనే నింపినా."

"ఈరన్న లాకప్పులో ఉన్నాడని తెలిసీ నోరు విప్పలేదు."

గోవిందరాజులు జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీసి బల్లమీద పెట్టాడు.

"నరసింహులు మీకు కారణం చెప్పలేదా?"

"గొడ్లు రెండు సచ్చినాయి, రోగం అన్యాడు. యా రోగమని నేను అడగలేదు. ఎండాకాలం గొడ్లు సావవా అనుకున్నా."

"దొమ్మ" అన్నాడు కుళ్ళాయప్ప. "పొద్దున బాగున్న గొడ్డు సాయంత్రానికి పడిపోతుంది. ముక్కులోంచి నల్లటి రక్తం వస్తుంది. ఆ రక్తం నేలమీద పడితే ఏళ్ళ తరబడి విషమే. గొడ్లకే కాదు, ఒంటిమీద చిన్న గాటున్నా చాలు, మనుషులకూ అంటుతుంది. అందుకే ఆయన తన బట్టలు కాల్చుకున్నాడు. మీరు తోసిన మనిషి ఈ మైదానంలో ఉన్నవాళ్ళందరినీ కాపాడడానికి చూశాడు."

 గోవిందరాజులు బల్ల పట్టుకుని లేచి, కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. "అయిదో వరస" అన్నాడు. "నీళ్ళ తొట్ల పక్కన కట్టించినా. దూరంనుంచి వచ్చినారని మంచి జాగా ఇచ్చినా."

రంగప్ప కానిస్టేబుల్‌ను పిలిచి గోవిందరాజులును అప్పగించాడు. తెల్లకాగితం మీద గేటు మూయమని తనే రాసి, సంతకం పెట్టి, గుమాస్తా చేత గేటుకు పంపించాడు. అధికారం ఉందా లేదా అని ఈసారి అనలేదు.

ఇద్దరూ అయిదో వరస వైపు దాదాపు పరుగెత్తారు. మొదటి వరసలు మామూలుగానే ఉన్నాయి. అయిదో వరస దగ్గర జనం మూగి ఉన్నారు. కుళ్ళాయప్ప భుజాలతో నెట్టుకుంటూ లోపలికి దూరాడు. తెల్లటి ఎద్దు ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంది. మెడలో బిళ్ళ నెంబరు 341. కాళ్ళు బిర్రబిగిశాయి. ముక్కునుంచి కారిన రక్తం గడ్డకట్టకుండా, తారులా, నేల మీద పారుతోంది.

ఎద్దు తల ఒడిలో పెట్టుకుని ఒక ముసలామె దాని ముక్కు తుడుస్తోంది. నారాయణమ్మ.

కుళ్ళాయప్పను చూడగానే ఆమె మొహం వెలిగింది. "వస్తివా నాయనా. ఇది నీళ్ళకోసం కొట్టుకుంటా ఉంటే ఈ ఊరోళ్ళు భయపడి దగ్గరికి పోలేదు. మూగజీవి, ఎట్ల సూస్తా కూర్చునేది? నా కొడుకు సంగతి ఏమయ్యింది?"

"వదిలేస్తున్నారమ్మా" అన్నాడు కుళ్ళాయప్ప.  "ఎస్సై గారు ఈడే ఉన్నారు. ఆయనే చెబుతారు. ముందు నువ్వు దాన్ని వదిలి, మెల్లగా లేచి ఇటు రా. దేన్నీ ముట్టుకోవద్దు. మొహం తుడుచుకోవద్దు."

ఆమెకు అర్థం కాలేదు. కొడుకు వస్తాడన్న మాట ఒక్కటే చెవిన పడింది. ఎద్దు తల మెల్లగా కిందికి దించి, లేచి నిలబడి, రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా నెత్తురు.

"చెంబు నీళ్ళు పోస్తే పోతాది కదప్పా" అంది.

రంగప్ప అప్పటికే జనాన్ని వెనక్కి నెడుతూ, ఆసుపత్రికి జీపు తిప్పమని డ్రైవరుకు అరుస్తున్నాడు. కుళ్ళాయప్ప ఆమె చేతులనే చూస్తున్నాడు. కుడిచేతి మణికట్టు మీద, నెత్తురు కింద, బెత్తెడు పొడుగున చర్మం చీరిన గీత కనిపించింది.

"ఇదేంటమ్మా?"

"అదా" అంది నారాయణమ్మ. "పొద్దున కంచె దాటేటప్పుడు తుమ్మముల్లు గీరుకునింది. మంట కూడా ల్యా."